తువ్వాలు చాటు నోరు

తళవాయిపురంలో మా ఆడబిడ్డ మనవరాలి సీమంతం చూసుకుని బస్సులో తిరిగి వస్తున్నాను. వానకు కిటికీలన్నీ మూసేశారు. కార్తిక మాసం, శుక్రవారం. ఎవరి సంచీలోనూ మామిడిపండు ఉండే కాలం కాదు. అయినా నా పక్క సీటులోంచి బాగా ముగ్గిన మామిడిపండు వాసన వచ్చింది.

మామిడి విషయంలో నా ముక్కుకు పొరపాటు రాదు. తిరిగి చూశాను. బస్సు నిండిపోయి వేరే చోటు లేక నా పక్కన కూర్చున్న కుర్రవాడు గుప్పిట్లో పెన్ను మూతలాంటిది ఏదో దాచుకున్నాడు. తల వంచి దాన్ని ఒక్క పీల్పు పీల్చి చొక్కా కాలరులోకి ఊదుకున్నాడు. తెల్లటి పొగ ఒక రేక లేచి మాయమైంది. నేను చూస్తున్నానని తెలిసి దాన్ని జేబులో వేసుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "కిటికీ తెరవమంటారా పాటీ?" అన్నాడు. పాటీ అంటే అవ్వ. తమిళంలో మొదలుపెట్టి, నా ముక్కుపుడకనూ చీరకట్టునూ చూసి సగంలో తెలుగులోకి మారాడు.

పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లలు ఇప్పుడు లేరు. ఈ అబ్బాయి పెట్టుకున్నాడు. దాంతో మా బావగారు వచ్చి నా పక్కన కూర్చున్నట్టయింది.

బావగారు అంటే మా వారి అన్న. నేను ఈ ఇంటికి వచ్చిన నాటి పద్ధతి ప్రకారం తమ్ముడి భార్యతో ఆయన నేరుగా మాట్లాడకూడదు, నేను ఆయన ఎదుట కూర్చోకూడదు. ఆయన పద్ధతి తప్పలేదు. అలాగని మాట్లాడకుండానూ ఉండలేదు. మా ఊరి జాతి తెల్లకుక్క ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉండేది. ఒకటి పోతే ఇంకొకటి వచ్చేది, అన్నిటికీ పేరు రాణి. నాతో చెప్పదలచుకున్నదంతా ఆయన రాణితో చెప్పేవారు.

"రాణీ, మీ యమ్మకు చెప్పు. ఈ పొద్దు రసంలో ఉప్పు మరిచిపోయింది."

నేను వంటింటి గుమ్మంలోంచి, "రాణీ, ఉప్పు కొలిచి వేసినాను. అడుగు నుంచి కలుపుకోలేదేమో కనుక్కో" అనేదాన్ని.

"రాణీ, గిన్నె అరిగేదాకా కలిపినాను."

"రాణీ, అట్లయితే వేసుకోమను. ఉప్పు గిన్నె ఆయన మోచేతి పక్కనే ఉంది."

రాణి ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా వైపు తల తిప్పేది. ఒకరోజు దానికి విసుగు పుట్టి మాట మధ్యలో లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. అది తిరిగి వచ్చేదాకా ఆయన చేతిలో ముద్దతో, నేను చేతిలో గరిటెతో, ఇద్దరం నోరు మూసుకుని ఉండిపోయాం. మా తోడికోడలు అప్పటికే పోయింది. ఆయనకు వడ్డించేది నేనే. అందుకని ఈ సంభాషణ ఎప్పుడూ ఉప్పూ పులుసూ చుట్టూనే తిరిగేది.

ఆయన భుజం మీద తెల్ల తువ్వాలు ఉండేది. ఎవరితో మాట్లాడినా దాని కొస నోటికి అడ్డం పెట్టుకునేవారు. తనకంటే చిన్నవాళ్ళ ముందు కూడా అంతే. మా బంధువుల్లో పెళ్ళికొడుకులకు ఆయన్ని చూపించి బుద్ధి చెప్పేవాళ్ళు. "చూడరా, నోటి తుంపర ఎదుటివాడి మీద పడకూడదని ఎంత మర్యాదో" అని.

ఆ తువ్వాలు వెనక సిగరెట్టు ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. పెరటి తోటలో పంపుసెట్టు గది వెనక నిలబడి తాగేవారు. తల్లి బతికున్నంత కాలం ఆమె కంట పడలేదు. ఆమె పోయాక హాల్లో పటం పెట్టారు. ఆ పటం ముందు నుంచి నడిచేటప్పుడు సిగరెట్టు పెట్టె ఉన్న జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. ఇంట్లోకి వచ్చేముందు తొట్టి దగ్గర పుక్కిలించి నోట్లో రెండు లవంగాలు వేసుకునేవారు. తాగుతూ కనబడటం ఆయనకు మర్యాద కాదు. తాగుతున్నారని అనడం మాకు మర్యాద కాదు. ఈ రెండు మర్యాదల మధ్య ఆ సిగరెట్టు ఏళ్ళ తరబడి హాయిగా కాలింది.

ఇక మామిడిపండ్ల రోజు. కొండవైపు మా తోట ఉంది. ఏటా కాపును వ్యాపారికి మాట్లాడే ముందు, ప్రతి చెట్టు మొదటి పండునూ ఇంటి పెద్ద రుచి చూడాలి. గడ్డిలో ముగ్గేసిన పండ్లను నేను తొక్క తీసి ముక్కలు కోసి పళ్ళెంలో పెట్టేదాన్ని. ఏ ముక్క ఏ చెట్టుదో నాకొక్కదానికే తెలుసు. ఆయన ఒక్కొక్క ముక్కనూ నాలుక మీద పెట్టుకుని, నమలకుండా, కళ్ళు మూసుకుని కూర్చునేవారు. అప్పుడు మాత్రం తువ్వాలు ఒళ్ళో ఉండేది.

"రాణీ, ఇది బావి మలుపు చెట్టుది. ఈ యేడు దానికి నీళ్ళు ఎక్కువైనాయి."

"రాణీ, ఇది కాకుల చెట్టు. దీనికి తీపి తక్కువ, పొగరు జాస్తి."

ఒక్కటీ తప్పేది కాదు. ఆయన చెప్పిన దాన్ని బట్టే ఏ చెట్టు పండ్లు ఇంటికి ఉంచుకోవాలో, ఏవి చుట్టాలకు పంపాలో నిర్ణయమయ్యేది. మా ఆడబిడ్డ ఇప్పటికీ ఆయన ఒకసారి తప్పు చెప్పారు, అది తన పెళ్ళైన ఏడు అంటుంది. కాదు. ఆ ఏడు రెండు పండ్లు ఒకే చెట్టువి. నేనే పరీక్ష కోసం పెట్టాను. ఆయన కనిపెట్టి, "రాణీ, మీ యమ్మకు నా మీద నమ్మకం లేదు" అన్నారు.

నిజంగా తప్పు చెప్పింది చాలా ఏళ్ళ తరవాత. కంచె దగ్గరి చెట్టు ముక్కను బావి మలుపుది అన్నారు. నేను మాట్లాడకుండా అదే పండులోంచి ఇంకొక ముక్క కోసి వరసలో చివర పెట్టాను. దాన్ని కాకుల చెట్టుది అన్నారు. కళ్ళు తెరిచి పళ్ళెం వైపు చూశారు, తరవాత నా మొహం వైపు. మా వారు నవ్వేసి, "వానలు సరిగా లేవు, ఈ యేడు పండుకే రుచి లేదు" అన్నారు. బావగారు నవ్వలేదు.

అప్పుడు నాకు ఉప్పు గుర్తొచ్చింది. ఆ ఉప్పు గిన్నె కొన్నాళ్ళుగా ఆయన చేతి పక్కకు ఎక్కువగా పోతోంది. తరవాత ఆవకాయ విస్తరి కొసనే మిగలడం మొదలైంది. కారం తగిలితే ఎడమ కన్ను చికిలించేవారు. క్రమంగా అన్నీ మాని మజ్జిగన్నానికి వచ్చారు. ఇంతలో కింది పన్ను ఒకటి ఊగుతుంటే ఊళ్ళోనే తీయించుకున్నారు. పొగ తాగవద్దని చెప్పి పంపించారట. ఆ సాయంత్రమే పంపుసెట్టు గది వెనక దగ్గు వినబడింది. పన్ను తీసిన గుంట వారాలు గడిచినా పూడలేదు.

మా వారితో చెప్పాను, "మీ అన్న నోట్లో ఏదో ఉంది, చూపించండి" అని.

"అన్న నోటి సంగతి నువ్వు మాట్లాడతావా? తువ్వాలు అడ్డం లేకుండా మాటాడని మనిషి. అట్లాంటాయన్ను నోరు తెరువు అని ఎట్లా అడగను?"

నేను ఆ తువ్వాలును గమనించడం మొదలుపెట్టాను. ఒక బుధవారం పొద్దున ఆయన వసారాలో ఒక్కరే కూర్చుని రాణికి రొట్టె ముక్క వేస్తూ ఏదో చెబుతున్నారు. చుట్టూ ఎవరూ లేరు. అయినా తువ్వాలు నోటికి అడ్డంగా ఉంది.

కుక్క ముందు మర్యాద ఎందుకు?

చేతిలో పని అక్కడే పెట్టి, మేకుకు వేలాడే టార్చి తీసుకుని వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఆ ఇంట్లో ఎన్నడూ అలా నిలబడలేదు.

"రాణీ, ఆయన్ను తువ్వాలు తియ్యమను."

ఆయన తువ్వాలును ఇంకా బిగించి పట్టుకున్నారు. తరవాత, "రాణీ, అది ఆడోళ్ళు చూసేది కాదని చెప్పు" అన్నారు.

"రాణీ, మొగోళ్ళు చూస్తారని ఇన్నాళ్ళు కాచుకున్నాను. ఎవరూ చూడలేదు. టార్చి నా చేతిలో ఉంది."

రాణి రొట్టె తింటూ ఎవరి వైపూ చూడలేదు. ఆయన తల ఎత్తి నన్ను చూశారు. "నువ్వే చూడమ్మా" అన్నారు. నాతో నేరుగా ఆయన అన్న మొదటి మాట అది.

తువ్వాలు దించారు. నోరు పూర్తిగా తెరవలేకపోయారు. పళ్ళు చింతపండు రంగుకు తిరిగి ఉన్నాయి. చిగుళ్ళు కిందికి జారి పళ్ళు పొడుగ్గా కనబడుతున్నాయి. పన్ను తీసిన గుంట బూడిద రంగులో ఉంది. ఎడమ బుగ్గ లోపల, చింతగింజంత మేర, పాల మీద మీగడ కట్టినట్టు తెల్లటి పొర. దాని అంచు ఎర్రగా ఉంది. లవంగాల ఘాటు వెనక ఇంకో వాసన ఉంది.

"నొప్పిగా ఉందా బావా?"

"నొప్పి ఉంటే చెప్పకుండా ఉంటానా? లేదమ్మా. రత్తం కూడా రాదు. మీ ఆయనకు తోముకుంటే రత్తం వస్తుంది, నాకు ఒక్క చుక్క రాదు. గట్టి చిగుళ్ళే అనుకున్నాను."

"ఎన్నాళ్ళుగా ఉంది ఈ తెల్లది?"

"పోయిన మామిళ్ళకు ముందు నుంచి."

అంటే ఏడాది దాటింది. టార్చి ఆర్పేశాను. ఆయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నారు.

"ఒకటి చెప్తాను, ఎవురికీ చెప్పొద్దు. పోయిన యేడు కూడా నేను నాలికతో చెప్పలేదు. రెప్పలు మూసి, సందులోంచి ముక్క రంగు చూసి చెప్పినాను. ఈ యేడు నువ్వు అన్నీ ఒకే రంగువి కోసినావు."

ఆ మనిషికి బుగ్గలోని పొర కంటే అది ఎక్కువ బాధ అని అప్పుడు అర్థమైంది.

మర్నాడే మదురై తీసుకువెళ్ళాం. పళ్ళ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. కుర్చీలో వెనక్కి వాలాక కూడా ఆయన తువ్వాలు నోటి మీదికి లాక్కున్నారు. "అయ్యా, అది నా చేతికి ఇవ్వండి" అని ఆమె తీసుకుని మడిచి నా ఒళ్ళో పెట్టింది. రక్తం రాకపోవడం మంచిది కాదని ఆమె చెప్పింది. పొగ చిగుళ్ళలోని రక్తనాళాలను బిగించేస్తుంది, అందుకే చిగురు లోపల చెడిపోతున్నా రక్తం కనబడదు, పన్ను కింద ఎముక కరిగి పన్ను ఊగేదాకా తెలియదు అంది. పుండు మానకపోవడానికీ, నాలుక మొద్దుబారడానికీ అదే కారణం అంది. తెల్ల పొరను మాత్రం ముక్క తీసి పరీక్షకు పంపాలి. అది ఏమిటో పరీక్షే చెప్పాలి అంది.

తిరుగు ప్రయాణంలో, ముక్క తీసిన బుగ్గలో గాజుగుడ్డ కరిచిపెట్టుకుని కూర్చున్నారు. డాక్టరు చెప్పినంతసేపూ ఉంచి, తీసి, కొసను వేళ్ళ మధ్య నలిపి చూశారు. సత్రపట్టిలో మాకు పొత్తుగా మగ్గాలు ఉండేవి. ఆసుపత్రి గుడ్డ నేసేవాళ్ళు.

"రాణీ, ఇది మన సత్రపట్టి నేతే" అన్నారు, ముద్దగా.

"రాణి ఇంట్లో ఉంది బావా. నాతో చెప్పండి."

ఆయన కిటికీ వైపు తిరిగి నవ్వారు. బుగ్గ నొప్పి పెట్టి ఆపేశారు.

పరీక్షలో తెల్లపొర అప్పుడప్పుడే పుట్టకురుపుగా, అంటే క్యాన్సరుగా, మారుతోందని వచ్చింది. ఇంకెక్కడికీ పాకలేదు. ఆలస్యం చేయకుండా కోసేశారు. ఎడమ బుగ్గ లోపలికి పోయింది. నోరు బిగుసుకుపోకుండా ఐసుక్రీము పుల్లలు పళ్ళ మధ్య పెట్టుకుని, వారానికి ఒకటి చేరుస్తూ, సాగదీసుకోవాలి. ఆ పుల్లలు నేను అందించేదాన్ని. మధ్యలో ఆయన మోసం చేసి ఒక పుల్ల తీసేసేవారు. నేను చూసి మళ్ళీ పెట్టేదాన్ని.

సిగరెట్టు మానడం కోత కంటే కష్టమైంది. ఊరికే అరిచేవారు. పంచదార డబ్బా ఖాళీ చేసేవారు. పెరట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేవారు. ఒకరోజు రాణి వంటింట్లోకి వచ్చి నా కాళ్ళ దగ్గర నిలబడింది. దాని మెడపట్టీకి, మిగిలిన సిగరెట్టు పెట్టెలు దాచిన పంపుసెట్టు గది తాళంచెవి దారంతో కట్టి ఉంది. వసారాలోంచి గొంతు వినబడింది, "రాణీ, అది మీ యమ్మకు ఇచ్చేసి రా. నేనడిగినా ఇవ్వొద్దను." రెండుసార్లు అడిగారు. నేను ఇవ్వలేదు.

ఆ తరవాత తువ్వాలు భుజం మీదే ఉండిపోయింది. నోటి దగ్గరికి పోలేదు. మాట కొంచెం తొణికేది, బుగ్గ సొట్ట కనబడేది, అయినా ఎవరితోనైనా మొహం చూపించే మాట్లాడేవారు. మా చుట్టాల్లో ఒకరు, "పెద్దాయనకు వయసుతో మర్యాద తగ్గిందే" అన్నారు. నేను వాళ్ళకు రెండోసారి కాఫీ ఇవ్వలేదు.

మరుసటి ఏడు పళ్ళెం పెట్టినప్పుడు ఆయనే అడిగి కళ్ళకు తువ్వాలు కట్టించుకున్నారు. సగం చెట్లు తప్పు చెప్పారు. కానీ చెప్పినవన్నీ నాలుకతోనే చెప్పారు.

ముక్కుకు వాసన కూడా తిరిగి వచ్చింది. ఆ సంగతి బయటపడింది మా అబ్బాయి వల్ల. వాడు ఇక్కడే నూలుమిల్లు ఆఫీసులో పనిచేస్తాడు. అదీ కార్తిక మాసమే. వాడు డ్యూటీ దిగి వచ్చి చెప్పులు విప్పుతుంటే బావగారు పేపరు దించారు.

"ఎవుర్రా మామిడిపండు తినింది?"

"ఎవరూ తినలేదు పెదనాయనా." వాడి చెయ్యి నోటికి అడ్డంగా ఉంది.

"ఈ నెలలో నా ఇంట్లో ఏ చెట్టు కాసింది?"

వాడు జేబులోంచి తీసి చూపించాడు. నీలం రంగు గొట్టం, చూపుడువేలంత ఉంది. పీలిస్తే మామిడి వాసన ఆవిరి వచ్చే ఈ-సిగరెట్టు అట. అమ్మకూడదని చట్టం ఉన్నా ఎక్కడో దొరుకుతుందట. "సుమ్మా, ఉత్త ఆవిరి పెదనాయనా. పొగాకు లేదు, నిప్పు లేదు, బూడిద లేదు. మీరు తాగినట్టు కాదు."

"సరి. ఆవిరయితే చెయ్యి ఎందుకు అడ్డం?"

వాడు గొట్టాన్ని జేబులో వేసుకున్నాడు. చెయ్యి మాత్రం దించలేదు. ఆయన కోప్పడతారని నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆయన లేచి మేకుకున్న టార్చి తీసి వాడి చేతికిచ్చారు. కుర్చీలో కూర్చుని నోరు తెరిచారు. పుల్లలతో సాగదీసుకున్నంత మేరా తెరిచారు. అంతవరకు నేనూ డాక్టరూ తప్ప ఎవరూ చూడని చోటు అది. మా అబ్బాయి వంగి చూశాడు. కోసి కుట్టిన బుగ్గ, పళ్ళు లేని వరస.

"చూసినావు కదా. నాకు ఇది చూపించను మర్యాద అడ్డమొచ్చింది. నీకేమి అడ్డం?" అన్నారు. తరవాత నా వైపు తిరిగి, "వీని నోరు నువ్వు చూడమ్మా. నీకు పొరపాటు రాదు" అన్నారు.

చూశాను. చిగుళ్ళు ఉబ్బి ఉన్నాయి. నాలుక ఎండిపోయి ఉంది. పళ్ళు చిగుళ్ళలో దిగేచోట గోధుమరంగు గీత పడుతోంది. మిల్లులో దూది ధూళికి గొంతు ఆరిపోతోందని వాడు రోజూ సీసాలకొద్దీ నీళ్ళు తాగడం నేను చూస్తూనే ఉన్నాను.

మదురై డాక్టరమ్మ దగ్గరికి వాణ్ణి బావగారే తీసుకువెళ్ళారు. ఇంటికి వచ్చి ఆమె మాటలు నాకు ఒప్పజెప్పారు. అది ఉత్త నీటి ఆవిరి కాదట. చాలావాటిలో సిగరెట్టులో ఉండే మత్తే ఉంటుందట. నోరు ఆరిపోతే ఉమ్మి తగ్గుతుంది, ఉమ్మి తగ్గితే పళ్ళు పుచ్చుతాయి, చిగుళ్ళు చెడతాయి. సిగరెట్టు నోటిని ఏం చేస్తుందో పాత లెక్క ఉంది. ఇది కొత్తది, ముప్ఫై నలభై ఏళ్ళు పీలిస్తే ఏమవుతుందో ఇంకా ఎవరూ లెక్క పూర్తి చేయలేదు, ఆ లెక్క మీ అబ్బాయి నోట్లో చేయించుకుంటారా అని అడిగిందట. ఆ అమ్మాయి నాకు అప్పటి నుంచి ఇంకా నచ్చింది.

మా అబ్బాయి ఒక్కరోజులో మానలేదు. మధ్యలో తప్పినప్పుడల్లా వాడే వచ్చి పెదనాయన ఎదుట నిలబడి చెప్పేవాడు, చేతులు రెండూ కిందికి ఉంచి. ఆయన తిట్టేవారు కాదు. "సరి, రేపు చూద్దాం. రా, కూర్చో" అని ఇద్దరూ కలిసి లవంగాలు నమిలేవారు. ఇప్పుడు వాడికి ఆ అలవాటు లేదు.

బావగారు పోయింది నోటి జబ్బుతో కాదు. ఊళ్ళో కొందరు అలా అంటున్నారు, అందుకని రాస్తున్నాను. కోత తరవాత ఆయన చాలా మామిడికాపులు చూశారు. పోయిన ఏడు ఆవణి మాసంలో, అంటే శ్రావణం దాటే రోజుల్లో, పగటి నిద్రలో పోయారు. ఆ వేసవిలో పళ్ళెం ముందు కూర్చుని చివరి ముక్క నాలుక మీద పెట్టుకుని, "ఇది కాకుల చెట్టు. పొగరు ఇంకా తగ్గలేదు" అన్నారు. రాణి అక్కడే ఉంది. అయినా నాతోనే అన్నారు.

బస్సు సత్రపట్టి మలుపు దాటింది. వాసన మళ్ళీ వచ్చింది. కుర్రవాడి చెయ్యి ఇంకా నోటి మీదే ఉంది. నాకు ఆ అబ్బాయి ఎవరో తెలియదు, నేరుగా అడగడానికి ఏ వరసా లేదు. ఒళ్ళో సీమంతం తాంబూలం సంచీ ఉంది.

"సంచీ," అన్నాను, "ఈ అబ్బికి చెప్పు. కార్తికంలో మన పక్క ఏ చెట్టూ కాయదు."

వాడు నన్ను చూశాడు, సంచీని చూశాడు. ముసలమ్మకు మతి లేదనుకున్నాడేమో, ముందు సీటు వైపు తిరిగాడు. కాసేపటికి మెల్లగా, సంచీ వైపు వంగి, "సంచీ, ఇది సుమ్మా ఆవిరి అని పాటికి చెప్పు" అన్నాడు.

"సంచీ, ఆవిరయితే చెయ్యి ఎందుకు అడ్డమని అడుగు."

వాడికి నవ్వొచ్చింది. నవ్వులో చెయ్యి దిగిపోయింది. పళ్ళు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. వాటి పైన చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. నేను చూసింది వాడూ చూశాడు. నవ్వు ఆగిపోయింది. చెయ్యి పైకి లేవబోయి, సగంలో ఆగి, మోకాలి మీదికి దిగింది.

"సంచీ, మా ఇంట్లో ఒకాయన ఉండినాడు" అని మొదలుపెట్టాను. టార్చి దాకా చెప్పాను. మా స్టాపు వచ్చింది. సంచీ పట్టుకుని లేచాను. వాడు దారి ఇవ్వడానికి పక్కకు జరగబోయి ఆగాడు.

"ఆ డాక్టరమ్మ మదురైలో ఎక్కడ ఉంది పాటీ?" అన్నాడు.

సంచీతో కాదు, నాతో.